రెండొందల గ్రాముల మర్యాద

పొద్దున్నే ఫోను మోగింది. విశాఖపట్నం నుంచి మా పెద్దత్తగారు, అంటే మా అత్తగారికి స్వయానా అక్కగారు. "ఏవమ్మా, మీ తోటికోడలు మళ్ళీ ఏదో పోటీకి ఇక్కడికి వస్తోందంట గదా. మా ఇంట్లోనే దిగాలి. పనసపొట్టు కూర చేయిస్తాను" అన్నారు. ఎనభై దాటినా ఆ గొంతులో ఆప్యాయత పిసరంత కూడా తగ్గలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

సంగతేమిటంటే, వారం కిందట మా తోటికోడలికి ఒక కబురు వచ్చింది. పవర్‌లిఫ్టింగ్, అంటే బరువులెత్తే పోటీలకి విదేశాలు వెళ్ళే అవకాశాలు ఇప్పుడు బాగా పెరిగాయట. సొంత సరదా కొద్దీ సాధన చేసుకునేవాళ్ళకీ, నలభై దాటినవాళ్ళకీ కూడా విడిగా పోటీలు పెడుతున్నారట. ఎంపిక విశాఖలో. సంతోషించాల్సిన మాటే. కానీ అలాంటి అవకాశం పదకొండేళ్ళ కిందట ఒకసారి మా గుమ్మం దాకా వచ్చింది. దాన్ని మేమే కొసరి కొసరి వడ్డించి వెనక్కి పంపేశాం.

ముక్తేశ్వరంలో మాది కొబ్బరికాయల వ్యాపారం. మా మరిది, అంటే ఈ తోటికోడలి భర్త, మస్కట్‌లో ఉంటాడు. ఒకసారి దింపు రోజున, అంటే చెట్ల మీంచి కాయలు దించే రోజున, కూలీలు తక్కువైతే, ఈ పిల్ల చీర కొంగు బిగించి కాయల బస్తాలు తనే లారీలోకి అందించింది. అమలాపురంలో పాత రైసుమిల్లు షెడ్డులో జిమ్ము నడిపే మాస్టారొకాయన కాయలకని వచ్చి, అలాగే నిలబడిపోయారు. "బస్తా లేపేటప్పుడు వీపు ఒక్క పిసరు వంగలేదండీ. ఇది నేర్పితే వచ్చేది కాదండీ" అన్నారు. ఆ వారం నుంచే మధ్యాహ్నం బస్సులో ఇద్దరం జిమ్ముకి వెళ్ళడం మొదలైంది. తను బరువులెత్తేది. నేను ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, తను తీసి ఇచ్చిన గాజులు ఒళ్ళో పెట్టుకుని, మా వీధివాళ్ళెవరైనా అటు వస్తారేమోనని గుమ్మం వైపు చూసేదాన్ని. మూడేళ్ళు అలా గడిచాయి. ఎత్తే మనిషి ఒంటి బరువుని బట్టి ఈ పోటీల్లో తరగతులుంటాయి. ఈమెది అరవై మూడు కిలోల తరగతి, అంతకి మించకూడదు. మా కొట్లో కురిడీలు, అంటే ఎండిన కొబ్బరికాయలు, తూచే కాటా మీద రోజూ పొద్దున్నే ఎక్కి దిగేది.

అప్పుడు కూడా విదేశీ పోటీకి ఎంపిక విశాఖలోనే అన్నారు. మాస్టారు లాడ్జి చూస్తానన్నారు. పెద్దత్తగారి ఇల్లుండగా లాడ్జిలో దిగితే నలుగురూ ఏమనుకుంటారని అడ్డుపడింది ఎవరో కాదు, నేనే. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే మొదలైంది. రాగానే కొబ్బరినీళ్ళు, ఆపైన పూతరేకులు, భోజనానికి పులస లేదని పదిసార్లు నొచ్చుకుంటూనే రొయ్యల ఇగురు, ముద్దపప్పు, గరిటెడు నెయ్యి, గడ్డపెరుగు. "వద్దండీ, రేపు తూకం ఉందండీ" అని పిల్ల రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టింది. పెద్దత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. "మా ఇంటి ముద్ద నీకు బరువైపోయిందటమ్మా?" అన్నారు. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులాగే ఉంది. "పెద్దావిడ బాధపడతారే. ఒక్క ముద్ద తిను" అన్నాను. నా మొహం చూసి తింది. ఒక్క ముద్దతో ఆపనిచ్చే ఇళ్ళు మా గోదావరి జిల్లాల వాళ్ళవి ఎక్కడైనా ఉన్నాయా?

మర్నాడు తూకంలో అరకిలో ఎక్కువ వచ్చింది. గంటన్నరలో తగ్గి రమ్మన్నారు. ఎర్రటి ఎండలో స్వెట్టరు వేసుకుని మైదానం చుట్టూ పరుగెత్తింది. ఒంట్లో నీరు తగ్గాలని పదే పదే ఉమ్మేసింది, జుట్టు కొస కత్తిరించుకుంది. నేను గాజులు పట్టుకుని గట్టున నిలబడ్డాను. గడువు అయ్యేసరికి ఇంకా రెండొందల గ్రాములు ఎక్కువే. పేరిచ్చాక తరగతి మార్చడానికి వీల్లేదన్నారు. ఆమె కడ్డీ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. బస్సులో రావులపాలెం దాటాక ఒకే ఒక్క మాట అంది: "ఎత్తలేక ఓడిపోతే ఏడ్చేదాన్ని కాదక్కా."

ఊళ్ళో వాళ్ళ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు. "పోన్లెండి, మంచిదే అయింది. ఆడకూతురికి ఆ కురచ బట్టలేంటండి, ఆ దేశాలేంటండి" అన్నారు, ఆమె మోసిన కాయలతో పచ్చడి చేసుకు తిన్నవాళ్ళే. బస్తాలు ఎత్తినప్పుడు ఆడదని ఎవరికీ గుర్తు రాలేదు. మళ్ళీ ఏడు వెళ్తానంటే మా అత్తగారు "మొదటిసారి సాధించిందేమిటి?" అన్నారు. నేనైనా అత్తగారి మాటకి గట్టిగా అడ్డం పడాల్సింది. పడలేదు. పిల్లలూ, వాళ్ళ చదువులూ, వ్యాపారమూ అంటూ ఏళ్ళు దొర్లిపోయాయి. పెద్దత్తగారు మాత్రం ప్రతి పెళ్ళిలోనూ, ఆ పూట తమ ఇంట్లో మేం ఎంత తృప్తిగా తిన్నామో చెప్పుకుంటూనే ఉన్నారు.

"ఏవమ్మా, పలకవేం?" అన్నారు ఫోనులో.

"లాడ్జిలో గది తీసుకున్నామండీ" అన్నాను.

"మేం ఉండగా లాడ్జీయా? మేమంతా చచ్చేం అనుకున్నారా?"

"లేదండీ. మీరంతా ఉన్నారనే లాడ్జీ తీసుకున్నామండీ."

ఫోను పెట్టేశారు. ఈ కబురు సాయంత్రానికల్లా అమలాపురం నుంచి రాజోలు దాకా చుట్టాలందరికీ పాకిపోతుంది. పాకనివ్వండి. వెనక కొట్లోంచి మా తోటికోడలు పిలిచింది. కాటా మీద నిలబడి ఉంది. చెవుల పక్కన నెరిసింది. వీపు మాత్రం అప్పటిలాగే నిటారుగా ఉంది. గాజులు తీసి నా చేతికిచ్చి, "ఎంతుందో చూడక్కా" అంది. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాను. అరవై మూడుకి ఇంకా చాలా లోపలే ఉంది.

"సరిపోయింది, దిగమ్మా" అన్నాను. ఆ రెండొందల గ్రాములూ తగ్గడానికి మా ఇంటికి పదకొండేళ్ళు పట్టింది.