మామిడి నెలల మాస్టారు మునిరత్నం

కిందటి నెలలో ఒక పొద్దున కుండీలకు నీళ్లు పోస్తుంటే రెడ్డెమ్మ ఫోను చేసింది. "మేడమ్, సార్ పోయినాడు" అంది. ఆ అమ్మాయికీ నాకూ ఉన్నది ఒక్కరే సార్. అయినా "ఏ సార్?" అన్నాను. ఆ తర్వాత "ఎన్నింటికి?" అని అడిగాను. చెప్పింది. తలకెక్కలేదు. జన్మంతా తేదీలూ లెక్కలూ రాసినదాన్ని, ఆ వేళను మళ్లీ అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

బంగారుపాళ్యం దారిలోని మా ఆడపిల్లల వృత్తివిద్యా కేంద్రంలో మునిరత్నం మాస్టారు మోటార్ల మరమ్మతు నేర్పేవారు. నేను హెడ్‌క్లర్కును. హాజరు రాయడం నా పని. మామిడి నెలలు వస్తే మా షెడ్డు ఖాళీ. పిల్లలంతా మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు కూలికి పోయేవారు. ఆ కూలి లేకపోతే ఇల్లు గడవదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. అలా చదువు తెగిపోయిన పిల్లల పేర్లు నాకిప్పటికీ గుర్తు.

"వచ్చినట్టు ఒక గీత పెట్టేస్తే పోలేదా మేడమ్!" అనేవారు తోటివాళ్లు. మాస్టారు ఒక్కనాడూ ఆ మాట అనలేదు. "ఉన్నది ఉన్నట్టు రాయక్కా. రాష్ట్రమంతా ఒకే క్యాలెండరు. మామిడికాయకు ఆ సంగతి తెలీదు, అంతే" అన్నారు.

ఒక ఏడాది ఆయనే ఫ్యాక్టరీ యజమానిని ఒప్పించి, పిల్లలను కాయలు ఏరే పని నుంచి యంత్రాల మరమ్మతుకు మార్పించారు. పొద్దున్నే పనిముట్ల సంచీతో తానూ అక్కడికే పోయి పాఠం చెప్పేవారు. కూలీ పోలేదు, చదువూ ఆగలేదు. పైఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఖాళీ షెడ్డు చూసి మండిపడ్డారు. "పిల్లోళ్లు యాడుండారో సూపిస్తా, రండి సార్" అని మాస్టారు ఆయన్ను తన బండి వెనక ఎక్కించుకున్నారు.

అప్పుడు విద్యార్థిని అయిన రెడ్డెమ్మ, ఆగిపోయిన మోటారులో తల దూర్చి ఉంది. వెనక్కు తిరక్కుండానే "వెలుతురుకు అడ్డం నిలబడొద్దన్నా, పక్కకు జరుగు" అంది. అధికారి జరిగారు. మోటారు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు.

"మా హెడ్‌క్లర్కు అక్క వీళ్లకు గైరుహాజరు వేసింది సార్. రూలు ప్రకారం అది సరే. ఇది గైరుహాజరేనా, మీరే సెప్పండి" అన్నారు మాస్టారు.

ఫ్యాక్టరీ పనిని తరగతిగా లెక్కించవచ్చని అనుమతి వచ్చింది, ఆ ఒక్క ఏడాదికి మాత్రమే. ఏటా మళ్లీ అడగాలి. ఏటా ఆయనే పోయి అడిగారు. నేను పదవీ విరమణ చేసి తిరుపతి చేరాక కూడా, అనుమతి రాగానే ఫోను చేసేవారు. "అక్కా, మామిడికాయ గెలిచింది!" "ఎన్నో తేదీ వరకు?" అనేదాన్ని. "నువ్వు మారవక్కా" అని పెద్దగా నవ్వేవారు.

ఇప్పుడు ఆయన చోట రెడ్డెమ్మ పాఠం చెబుతోంది. అంత్యక్రియల నాడు నా పక్కన కూర్చుని, "ఈ ఏడు అనుమతికి ఎవురు పోతారు మేడమ్? సార్ మాదిరి మాట్లాడేదానికి నాకు రాదే" అంది.

"మాట్లాడొద్దు. బండెక్కించి తీసకపో" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

మాస్టారి వంటి వారు మా కేంద్రానికి మళ్లీ దొరకరు. పిల్లల బతుకును చూసి బడిని దిద్దిన మనిషి ఆయన. చేతులెత్తి మొక్కుతున్నాను.

నిన్న రెడ్డెమ్మ ఫోను చేసింది. అనుమతి వచ్చిందట. "ఎన్నో తేదీ వరకు?" అని అడిగాను. బుద్ధిగా చెప్పింది. రాసుకున్నాను. అవతల ఎవరూ నవ్వలేదు.