తొందరపడిన ఓదార్పు

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు రేణిగుంట స్టేషన్‌లో, నేనూ మా చెల్లెలూ రైలు కోసం చూస్తుంటే, పక్కన కూర్చున్న కుర్రవాడు తన బ్యాండు చేసిన నాలుగు మెటల్‌కోర్ పాటలు, గొంతు చించుకుని అరిచే రకం, వినిపించాడు. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. ఫోన్‌లో ఆల్బం పేరు కూడబలుక్కుని చదివాను: ‘నాయన’.

“మా నాయన పోయినాక చేసినాం. రేపు జనంలోకి వదలాల. అందరూ బాగుందంటాండారు. నువ్వు నిజం చెప్పవ్వా.”

“అరుపు కడుపులోంచి వచ్చినాది, బాగుండాది. డ్రమ్ములు సావు పలకల మాదిరి ఉండాయి. అరిసిన ప్రతిసారీ ఎనకాలే తియ్యంగా పాడతావేందప్పా? సావింట్లో ఏడుపు తీరకముందే ఓదార్చేవాళ్లను మేము తిడతాం.”

“వినేవాళ్లు బెదిరిపోతారని పెట్టినా.”

“బెదరనీ. పోయింది మీ నాయన గదా.”

అతను కళ్లు తుడుచుకుని, చివరి పాట మళ్లీ పాడతానని ఎవరికో ఫోన్ చేశాడు.

ఆ రోజు ఆ బెంచీ మీద నేను, విరిగిన చేతికి పుత్తూరు కట్టుతో మా చెల్లెలు రాజమ్మ, ఆ కుర్రవాడు, అతని పాటల్లో వాళ్ల నాయన ఉన్నాం.