కోటి ఆటల క్యాసెట్టు

శిరివెళ్ల దాటి రెండు మైళ్లు పోయాక ఆళ్లగడ్డ బస్సు వెనక చక్రం గాలి వదిలేసింది. స్టెప్నీ లేదా అని ఎవరో అడిగితే, "ఉండాది, అదీ పంచరే" అన్నాడు కండక్టరు, అదేదో బస్సుకు అదనపు సౌకర్యమైనట్టు.

శ్రీశైలం సంచి పట్టుకుని కల్వర్టు మీద కూర్చున్నాడు. సంచిలో స్క్రూడ్రైవరు, స్పిరిటు సీసా, పాత జాయ్‌స్టిక్కులు రెండు, శిరివెళ్లలో కొన్న పకోడీల పొట్లం. పొట్లం కట్టిన పాత పేపర్లో, వ్యాపారాల మధ్య పోటీని కాపాడటానికి ఢిల్లీలో చట్టం చేశారన్న వార్త ఉంది. నూనె సరిగ్గా దాని మీదే దిగింది. అది రెండు వేల మూడు, మే నెల.

తెల్లకారొకటి వచ్చి ఆగింది. అద్దం దిగింది. లోపల వేణుమాధవ్. నంద్యాలలో వీడియో గేముల షాపులు అప్పట్లో మూడుండేవి. ఇప్పుడూ మూడే. మూడింటికీ యజమాని మాత్రం ఒకడయ్యాడు. ఆ ఒకడు ఈయనే.

"ఏమప్పా శ్రీశైలం, ఎండలో యాడికి?"

"ఆళ్లగడ్డకు, అన్నా. లూదియక్క షాపుకు."

"నేనూ ఆడికే పోతాండా. ఎక్కు. నీకోసమే దేవుడు ఆ టైరు పంచరు చేసినాడు."

దేవుడికి ఇంతకన్నా మంచి పనులు లేవా అనిపించింది శ్రీశైలానికి. కానీ కార్లో ఏసీ ఉంది. ఎక్కాడు.

శ్రీశైలం చెంచుల బిడ్డ. రుద్రవరం అవతల, నల్లమల అంచున వాళ్ల గూడెం. చెంచు అనగానే విల్లంబులేవని అడిగే పట్నం పెద్దమనుషులకు అతను స్క్రూడ్రైవరు తీసి చూపించేవాడు. పదో తరగతి తప్పి, ఆళ్లగడ్డలో టీవీలు బాగుచేసే షాపులో చేరి, తొంభై ఆరులో వీడియో గేములు దిగేసరికి వాటి వైద్యుడయ్యాడు. నంద్యాలలో మూడు షాపులు, ఆళ్లగడ్డలో లూదియమ్మది ఒకటి. ప్రతి షాపులో ఒక టీవీ, రెండు జాయ్‌స్టిక్కులు, ఒక బల్ల, పిల్లలు డబ్బిచ్చి ఆడే అరగంటలు చెప్పే గోడ గడియారం.

ఈ నలుగురు యజమానులకూ ఒక ఆచారం ఉండేది. వారమంతా ఒకరి పేరు ఎత్తితే ఒకరు ఉమ్మేసేవాళ్లు. ఆదివారం పొద్దున మాత్రం ఎవరి ఆటల క్యాసెట్లు వాళ్లు శ్రీశైలం సంచిలో పెట్టి, "ఆ దొంగ నాయాలి కాడుండే ట్యాంకుల ఆట తీసుకురాప్పా, నా మోటారుసైకిళ్లది వానికియ్యి" అని పంపేవాళ్లు. ఒకే ఆట వారం దాటితే పిల్లలు రోడ్డు దాటిపోతారు మరి. జాయ్‌స్టిక్కులో ఎడమ బటను పడకపోయినా అంతే. అందుకే గంటలో శ్రీశైలానికి కబురొచ్చేది, ముందు టీ, తర్వాత పని. పోటీ గురించి పుస్తకాల్లో లావుపాటి నిర్వచనాలున్నాయి. నంద్యాలలో దానికున్న అర్థం ఒకటే: చెడిన బటను సాయంత్రానికల్లా బాగవడం.

తర్వాత కలిసిపోయే కాలం వచ్చింది. పార్టీలు కలిశాయి, బ్యాంకులు కలిశాయి. ఆ ఏప్రిల్లోనే జపానులో రెండు పెద్ద ఆటల కంపెనీలు ఒకటయ్యాయి. వాళ్లు నంద్యాలను చూసి నేర్చుకున్నారని చెప్పలేం గానీ, వేణుమాధవ్ వాళ్లకన్నా ఏడాది ముందున్నాడు. నూనెపల్లె షాపు కొన్నాడు, సంజీవనగర్ షాపు కొన్నాడు, మూడింటికీ ఒకే రంగు బోర్డు పెట్టించాడు. అన్ని ఆటలూ ఒక్కచోటే, అంతా పిల్లల మంచికే అన్నాడు. చెడ్డవాడు కాదు; షాపుకొక ఫ్యానూ పెట్టాడు. ఆ ఫ్యాను కింద అరగంట ఇరవై నిమిషాలైంది. ఈ సంగతి గోడ గడియారానికి మాత్రం తెలియదు. ఎడమ బటను పడలేదంటే కుడిదానితో ఆడుకోమనేవాడు. "యాడికి పోతారప్పా? ఎదురు షాపుకా? అదీ మనదే" అని నవ్వేవాడు. టీ ఆగింది. కబురూ తగ్గింది.

కారు వేగం అందుకున్నాక వేణుమాధవ్ ఒక కార్డు తీసి ఇచ్చాడు. శ్రీశైలం పేరు, కింద 'సర్వీస్ ఇంజనీర్' అని అచ్చు.

"నెల జీతం. బస్సుల్లో తిరిగే పీడ లేదు. రేపు తొమ్మిదికి వచ్చి చేరు."

"లూదియక్క షాపు?"

"ఎదురుగ్గానే మనం పెడతాండాం. మాతో కలువక్కా అని ఇప్పుడే అడుగుతా. కలవకపోతే నువ్వు ఆడ చెయ్యి పెట్టగూడదు, మన క్యాసెట్లు ఆడికి పోగూడదు. అంతే."

"నేను రానంటే?"

"యాల రావు? నంద్యాలలో ఇంకెవరికి చేస్తావు?"

ఆ మాట నిజం. ఒక్క ఆళ్లగడ్డ షాపు జాయ్‌స్టిక్కులతో ఇల్లు గడవదు. శ్రీశైలానికి నాయన మద్దయ్య గుర్తొచ్చాడు. మద్దయ్య తేనె తీసే రోజుల్లో ముగ్గురు వ్యాపారులు మూడు తక్కెడలతో గూడేనికి వచ్చేవాళ్లు. ఒకడు పిల్లలకు బెల్లం తెచ్చేవాడు, ఒకడు డబ్బా తనే మోసేవాడు. ఆ ముగ్గురిలో ఒకడు మిగతా ఇద్దరినీ కొనేశాక తేనె బరువు తగ్గడం మొదలైంది. "తేనె అదేరా. తక్కెడకే తోడు లేకుండా పోయింది" అనేవాడు మద్దయ్య.

వేణుమాధవ్ ఒళ్లోంచి కొత్త క్యాసెట్టు తీశాడు. దాని మీద వరసగా ఏడు తొమ్మిదులు. "చూడప్పా, కోటి ఆటలకు ఒక్కటి తక్కువ! ఆళ్లగడ్డ షాపు దీంతోనే తెరుస్తా."

"ఏడేనన్నా."

"ఏందీ ఏడు?"

"ఆటలు. నూనెపల్లెలో ఇట్లాంటిది విప్పి చూసినా. ఎనిమిదో నెంబరు నొక్కితే మొదటి ఆటే వస్తాది, రెండో మెట్టు నుంచి. పేర్లే వేరే."

వేణుమాధవ్ కాసేపు లేబులు వంక చూసి నవ్వాడు. "లేబులు చూసే గదప్పా జనం వచ్చేది!"

"లూదియక్క కాడ నాలుగే ఉండాయి. ఆ నాలుగూ ఈ కోటిలో లేవు."

కారు ఆళ్లగడ్డలో లూదియమ్మ ఇంటి ముందు ఆగింది.

లూదియమ్మ ముందుగదిలో ఒక పక్క కుట్టుమిషను, ఇంకో పక్క టీవీ, మధ్యలో పిల్లలు. ఆమె జాకెట్టు కుడుతూనే పలకరించింది. "వచ్చినావా సామీ? ఎడమ బటను పడ్తాలేదు. నిన్నటి నుంచి పిల్లోల్లు నన్ను తింటాండారు." తర్వాత వెనకున్న వేణుమాధవ్‌ను చూసింది. "శెట్టిగారు గూడా ఆడనీకే వచ్చినారా?"

"కలిసిపోదామక్కా. పోటీతో ఇద్దరికీ నష్టమే."

"నాకు నష్టం రాలేదే! నీకొచ్చిందా?"

"అట్ల గాదక్కా. పెద్ద చెట్టు కింద ఉంటే నీడ గదా."

"నీడలో మిరపకాయలు ఎండవు శెట్టీ."

"శ్రీశైలం మా కాడ చేర్తాండాడు. ఇంక నీ బటన్లు ఎవరు చూస్తారు?"

మిషను ఆగింది. లూదియమ్మ శ్రీశైలం వైపు తిరిగింది. "అవునా సామీ?"

శ్రీశైలం నేల మీద కూర్చుని జాయ్‌స్టిక్కు విప్పాడు. స్పిరిటుతో తుడిచాడు. బటను కింద రబ్బరు అరిగి, కిందికి అందడం లేదు. వెనక ఏదైనా దళసరి ముక్క పెట్టాలి. జేబులోంచి కార్డు తీశాడు. లూదియమ్మ కత్తెర అందుకుని పావలా అంత గుండ్రంగా కత్తిరించాడు. 'సర్వీస్' రబ్బరు వెనక్కి పోయింది. 'ఇంజనీర్' నేల మీద, జాకెట్టు ముక్కల్లో కలిసింది.

స్క్రూలు బిగించి నొక్కాడు. తెర మీద ట్యాంకు ఎడమకు తిరిగింది. పిల్లలు గోల చేశారు.

"ఏం పనప్పా ఇది?" అన్నాడు వేణుమాధవ్. "బాగా ఆలోచించుకో. రేపు తొమ్మిది దాకా చూస్తా!"

"టీ పెడతాండా, ఉండు సామీ," అంటూ లూదియమ్మ లేచింది.

"టీ మళ్లొచ్చినప్పుడు తాగుతాలేక్కా," అంటూ శ్రీశైలం స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నాడు. తెల్లకారును చుట్టి రోడ్డెక్కాడు. పకోడీ పొట్లం విప్పుకుంటూ, వెనక్కి చూడకుండా, గూడేనికి పోయే రుద్రవరం బస్సాగే చోటు వైపు నడిచిపోయాడు.