వెనక షాఫ్టుకు ఎర్ర రంగు

మా సైనిక దళం జహీరాబాద్‌లో దిగింది డెబ్బయ్యో దశకం చివర్లో, దసరాకు ముందు. జోరు వాన. పట్టణం దాటగానే ఎర్రమట్టి బురదలో బూట్లు దిగబడ్డాయి. ఉత్తర్వు చిన్నదే. మొగుడంపల్లి దారిని వాగు కోసేసిన చోట తాత్కాలిక వంతెన వేయాలి, వానలు తగ్గేదాకా అక్కడే ఉండాలి. ఆ దళంలో నేను బండ్ల మెకానిక్‌ని. మా ఊరు ఝరాసంగం పక్కనే. సరిహద్దు చూద్దామని పట్టాళంలో చేరితే మా అత్తగారింటి దారికే కాపలా పెట్టారు! ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

ట్రక్కులు కాక మా దగ్గర ఇంకో బండి ఉండేది. పాత విదేశీ ఫోర్ వీల్ డ్రైవ్. ఒకప్పుడు ఒక జాగీర్దారు వేటకు తిరిగిన బండి. ఆయన వారసులు వరద సహాయానికి వాడుకొమ్మని ఇచ్చారు. తోలు సీట్లు, నున్నటి చెక్క డ్యాష్‌బోర్డు, పరుపులాంటి స్ప్రింగులు. దాని డ్రైవరు సిద్దిపేటవాడు. బండిని కన్నబిడ్డలా చూసుకునేవాడు. బానెట్ మీద నన్ను మోచెయ్యి కూడా ఆనించనిచ్చేవాడు కాదు.

దసరా వెళ్లాక ఆ బండికి వణుకు పట్టుకుంది. ముప్పై మైళ్ల వేగం దాటితే చాలు, కాళ్ల కింద రేకు నుంచి సీటు దాకా దడదడ. తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అనుకున్నాం.

ఒకరోజు పొద్దున ఆరున్నరకు వాగు అవతలి పోస్టు నుంచి మా వైర్‌లెస్ ఆపరేటరు పలికాడు. “బావిల మనిషి పడ్డడు. నడుముకు దెబ్బ. మంచం మీద తెస్తున్నరు. డాక్టర్ సాబ్‌కు చెప్పున్రి. ఓవర్.”

ఆ మనిషి పేరు నర్సింలు. బావిలో మోటారు పైపు సరిచేస్తూ జారిన రైతు. వెంట భార్య మాణెమ్మ. మా డాక్టరు కెప్టెను, హైదరాబాద్ మనిషి. మంచం రాగానే నర్సింలు అరికాలికి సూది ఆనించి చూశాడు. నర్సింలు మూలిగాడు.

“కాళ్లల్ల ఇంక స్పర్శ ఉంది,” అన్నాడు డాక్టరు. “సాయంత్రంలోపల హైదరాబాద్‌ల ఆపరేషన్ కావాలె. రైలు పట్టాలు మునిగినయ్. ట్రక్కుల ఏస్తే గుంత గుంతకు నడుము ఎగిరిపడ్తది, ఉన్న స్పర్శ సుత పోతది. ఆ మెత్తటి బండే దిక్కు.”

“అది వణుకుతది సార్. మెల్లగ పోవాలె.”

“మెల్లగ పోతే రాత్రయితది. ఎప్పటికి బాగు చేస్తవ్?”

“పదకొండుకు,” అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

మాణెమ్మ నా వెనకే వచ్చింది. “అన్నా, మా ఆయన కాళ్ల మీదనే మా ఇల్లు నడుస్తది. జర జల్ది చెయ్యన్నా.”

ఊహల మీద బండి విప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. మొదట బండిని బొంబాయి రోడ్డు మీదికి తీసుకెళ్లాను. నలభైకి తెచ్చి గేరు తీసేశాను. ఇంజను నెమ్మదించింది కానీ వణుకు పోలేదు. అంటే ఇంజనుది తప్పు కాదు. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చాను. అదే వణుకు. ఇక మిగిలినవి గేర్‌బాక్సు నుంచి చక్రాలకు బలాన్ని మోసే రెండు పొడవాటి గొట్టాలు, ముందు షాఫ్టు, వెనక షాఫ్టు. ముందుది విప్పి నడిపాను. వణికింది. దాన్ని బిగించి వెనకది విప్పాను. ముందు చక్రాల బలంతోనే బండి వెన్నలా సాగింది. దొంగ దొరికాడు.

దొరికాడు గానీ నేరం ఒప్పుకోలేదు! షాఫ్టు వంగలేదు. కీళ్లు వదులు కాలేదు. తొమ్మిదిన్నర దాటింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బురదలో కూర్చున్నాను. అప్పుడు కనిపించింది, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కొత్త ఎర్ర రంగు. దాని మీద పసుపు, కుంకుమ.

“ఇదెవరు పూసిన్రు?”

“నేనే,” అన్నాడు డ్రైవరు. “ఆయుధపూజకు అందరు బండిని పైపైన కడుగుతరు. నేను లోపల సుత కడిగిన. షాఫ్టు ఊడదీసి పూజల పెట్టి మల్ల ఎక్కిచ్చిన. ఏం, తప్పా?”

“రెండు ముక్కలు గుంజినవా?”

“గుంజకపోతే లోపల ఎట్ల కడుగుత?”

ఆ షాఫ్టు రెండు ముక్కలు. పళ్ల మీద ఒకదానిలోకి ఒకటి జారుతుంది. రెండింటి మీదా బాణం గుర్తులుంటాయి. అవి ఎదురెదురుగా కూర్చోకపోతే తిరిగినంతసేపూ దడే. డీజిల్ గుడ్డతో రంగు రుద్దాను. మొదటి బాణం తేలింది. రెండోది దానికి బాగా పక్కన తేలింది.

డ్రైవరు మొహం పాలిపోయింది. “గాయినకేమన్న అయితే నేనెట్ల బతకాలెనే?”

“ఫికర్ చెయ్యకు. ఆ కొస పట్టు.”

బాణాలు కలిపి బిగించాం. పదకొండుకు ఇంకా పది నిమిషాలున్నాయి. యాభై దాకా తోలి చూశాను. చప్పుడు లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

వెనక సీట్లు తీసి నర్సింలును చెక్క పలక మీద పడుకోబెట్టాం. పక్కన డాక్టరు, మాణెమ్మ. ముందు డ్రైవరు, నేను. సదాశివపేట దాటామో లేదో, మాణెమ్మ కేక పెట్టింది. “ఆపున్రి! ఆపున్రి! పలుకుతలేడు!”

డ్రైవరు మెల్లగా పక్కకు ఆపాడు. డాక్టరు నాడి పట్టుకున్నాడు, నర్సింలు కనురెప్పలు ఎత్తి చూశాడు. తర్వాత నవ్వాడు.

“ఏం కాలేదమ్మా. నిద్రవోయిండు.”

ఆమె నమ్మలేదు. బండి కదిలాక భర్త ముక్కు కింద అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.

ఆపరేషన్ ఆ సాయంత్రమే అయింది. వానలు తగ్గాక వంతెన అప్పగించి మేము దళంతో వెళ్లిపోయాం. నర్సింలు కర్ర పట్టుకుని పొలం గట్టు మీద నడుస్తున్నాడని సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు విన్నాను. ఆ తర్వాత మంచుకొండలు చూశాను, ఎడారి చూశాను, పెన్షన్ తీసుకుని ఇంటికొచ్చాను. ఇవాళ్టికీ కళ్లు మూస్తే ఊపిరి కోసం పట్టిన ఆ అరచెయ్యే కనబడుతుంది. హైదరాబాద్ దాకా ఆమె దాన్ని తీయలేదు. దారి పొడుగునా బండి కుదుపుకు ఆ చెయ్యి ఒక్కసారి కూడా అదరలేదు.