తుపాకుల కొట్టాయన

బందరులో మా జిరాక్స్ షాపు పక్కనే లైసెన్సున్న తుపాకుల కొట్టు ఉండేది. ఎవరొచ్చినా కొట్టాయన మొహం చూడకుండా ముందు చెయ్యి చాపేవారు. "లైసెన్సండీ!"

బంటుమిల్లి నుంచి సొంత బావమరిది వచ్చినా అదే చెయ్యి. రొయ్యల చెరువు మీద కొంగల్ని బెదరగొట్టడానికి పక్క రైతు దగ్గరున్న తుపాకీ కొనుక్కుంటానన్నాడు అతను.

"ఇద్దరికీ లైసెన్సులున్నా సరే, అమ్మే ఆయన ముందు పోలీసు స్టేషన్లో రాసివ్వాలి. నలభై అయిదు రోజులు ఆగాలి."

"అన్నాళ్లు కొంగలు ఆగుతాయా బావగారూ?"

"వాటికి చట్టం వర్తించదండీ."

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన కొట్టుకు తాళం వేసి, మెట్ల మీద చెమటలు కక్కుతూ కూర్చున్నారు. అందరి తేదీలూ చూసే మనిషి, తన కొట్టు లైసెన్సు ముందురోజే అయిపోయిందని అన్నం క్యారేజీ లోపల పెట్టాక చూసుకున్నారట. ఇక లోపల అడుగు పెట్టనంటే పెట్టనన్నారు.

"తాళంచెవి ఇలా ఇవ్వండి, క్యారేజీ నేను తెస్తాను," అన్నాను.

ఆకలికి కళ్లు మూతలు పడుతున్నా, చెయ్యి మాత్రం చాచారు.

"లైసెన్సండీ?"

నాకు లేదు. ఆ చేతిలో మా ఇంటి పెరుగన్నం డబ్బా పెట్టాను. జీవితంలో మొదటిసారి, ఏ కాగితమూ అడక్కుండా పుచ్చుకున్నారు.