నీళ్ళు పడితేనే రెండో చరణం

మా చిన్నప్పుడు... వాన తప్పిందంటే చాలు, మా జేజి మూలనున్న రోకలి బయటికి తీసేది.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. మాది వజ్రకరూరు పక్కన పల్లె. తడిబట్టలో ఒక కప్పను పెట్టి రోకలి నడిమికి కట్టి, చుట్టూ యాపమండలు చుట్టేవాళ్ళు. చెరో కొస ఇద్దరు ఆడవాళ్ళు భుజానికెత్తుకునేది. ముందర జేజి పాట. యెనక మేం పిల్లోళ్ళం, చొక్కాలు ఇప్పేసి... తడిసేదానికే కదా పోతాండేది!

ఆ పాటకొక కట్టు ఉండాది. ఇంటికొక చరణం. గడప ముందర నిలబడి ఒక చరణం పాడి జేజి ఆపేస్తాది. ఆ ఇంటామె బిందెడు నీళ్ళు తెచ్చి కప్ప మీద, జేజి నెత్తిన పోస్తేనే పక్కింటికి నడక, రెండో చరణం. నీళ్ళు పడకుంటే పాట ఆడికే ఆగిపోవాల.

మూడో ఇల్లు ఖాసీంబీ పెద్దమ్మది. బిందె చంకన పెట్టుకొని నవ్వుతా నిలబడేది.

"ఏమక్కా, మీ దేవునికి చెవుడా? ఇంగా గట్టిగా పాడు!"

"మీ దేవునికీ చెప్పు తల్లీ. ఎవరు ముందు ఇంటే ఆ వాన వాళ్ళదే" అనేది జేజి.

అంతే... బిందె మొత్తం కుమ్మరించేది. ఆ చల్లదనం ఇప్పటికీ నా ఈపు మీద ఉండాది.

ఆఖరింటికాడ ఊరందరి పేరు మీదా ఒక చరణం ఉండాదంట. అది పాడి కప్పను బావిలో వదలాలంట. 'అంట' అని ఎందుకంటాండానంటే... నేను దాన్ని ఎప్పుడూ ఇనలేదు. నాకు తెలిసి ఏ ఏడూ పాట ఆఖరింటి దాకా పోలేదు, నడిమిలో యాడో ఒకకాడ నీళ్ళు లేక ఆగిపోయేది.

నాకు బాగా గుర్తుండేది ఆఖరుసారి. బోర్లన్నీ ఎండిపోయి, ట్యాంకరు కోసం ఎదురుచూసే ఎండాకాలం. వీధి నడిమిలో రామక్క ఇల్లు. జేజి చరణం పాడి ఆపింది. రామక్క బిందె తెచ్చి వంచింది. చుక్క రాలేదు.

"అడుగున ఉన్యేది బిడ్డకు పెట్టుకున్యానత్తా..." అని గడపలోనే కూలబడి ఏడ్చింది.

జేజి రోకలి దించమనింది. కప్పను ఇంటికి తెచ్చి, నీళ్ళకుండ కింద తడి ఇసకలో వదిలింది. పాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు... అనంతపురంలో మూతబడిన శెనక్కాయల మిల్లు ఒకటి నలుగురు స్నేహితులం ఊడ్చి, సున్నం కొట్టి, పాటల జాగా చేసుకున్యాం. వచ్చే నెలంతా శనివారం సాయంత్రాలు పాటలు పెట్టినాం. బత్తలపల్లె చెక్కభజన వాళ్ళు, గోరంట్ల నుంచి గిటారు వాయించే అక్కాతమ్ముళ్ళు... హోరెత్తించే స్పీకర్లు లేకుండా, వాయిద్యం, ఉత్త గొంతు.

మొదటి శనివారం మా జేజి. పోస్టరు మీద ఆమె పేరు నేనే ఏయించినా. కింద 'ప్రజల పాట ప్రజలకే' అని పెద్దక్షరాలు. కరపత్రాలు చదివీ చదివీ నాకు ఇట్లాంటి మాటలు బాగా వస్తాయి.

"నాతోపాటు మట్టిలో కలిసేదానికంటే నలుగురి చెవుల్లో పడనీలే" అని ఆమె కూడా ఒప్పుకున్యాది. ఆ పాట వచ్చినోళ్ళల్లో మా పక్క మిగిలింది ఆమె ఒక్కతే.

పోయిన ఆదివారం మిల్లులో పాడించి చూసినాం. మొదటి చరణానికే అందరం బిగుసుకుపోయినాం. ఆ ముసలి గొంతు రేకుల కప్పు దాకా పోయింది. ఆపింది. మేం చూస్తాండాం. ఆమె మమ్మల్ని చూస్తాంది.

"కానీ అవ్వా, తర్వాత?" అన్యాడు రఘు. మిల్లులో ఏర్పాట్లన్నీ చూసేది వాడే.

"నీళ్ళేవప్పా?"

వాడు ఉరికిపోయి బబుల్ క్యాన్ లోనుంచి గ్లాసుడు పట్టుకొచ్చినాడు. జేజి పకపకా నవ్వింది. "కొన్న నీళ్ళు పోస్తే వానదేవుడు బిల్లు అడుగుతాడు గదరా! ఇది ఎవరిల్లు? ఈ ఇంటామె యాడ?"

"పోసినట్ల నటిస్తాంలే అవ్వా."

"అట్లయితే వాన కూడా పడినట్ల నటిస్తాదిలే నాయనా."

నాకు కోపమొచ్చింది. ఊరికే మాటలన్నా చెప్పు జేజీ, రాసుకుంటానంటే తల అడ్డంగా ఊపింది. "ఆ గడపకాడ తడిస్తేనే నోటికొస్తాది. కూసుంటే రాదు."

సరే అని మర్నాడే ఊరికి తీసుకుపోయినా. మా ఇంటికాడ మా అమ్మ పోసింది. రెండో ఇంటికాడ చిన్నమ్మ పోసింది. రెండు చరణాలూ నిజంగానే వచ్చినాయి! మూడోది ఖాసీంబీ పెద్దమ్మ ఇల్లు. తాళం. కొడుకులతోపాటు బెంగళూరు పోయింది. దాని తర్వాత తాళం. ఆ తర్వాత రామక్క ఇల్లు... గోడ కూడా లేదు.

తడిసిన చీరతో మూడో గడపకాడ నిలబడి జేజి నన్నడిగింది. "తాళంకప్పకు పాడమంటావా అప్పా?"

అప్పుడు సగం వీధి దాకా పోయిన పాట... ఇప్పుడు మూడో గడప దాటలేదు.

ఎవరిని తిట్టాల? ఓట్లప్పుడల్లా మైకులో కాలువ పారించేవాళ్ళనా? ఊరిని ఊరే బస్సెక్కిపోతాంటే టౌన్లో స్టేజీ కట్టి, ప్రజల పాట అని పోస్టరేసిన నన్నా? జనమే లేని వీధికి ప్రజల పాట యాడినుంచి తెచ్చేది?

ఆ మొదటి శనివారం జేజి వస్తాది. మాటిచ్చినా కదా, ఒక్క చరణం పాడతా అనింది. పాడి ఆపేస్తాది. మీరొస్తే ఒకటే అడుగుతాండా... ఆమె ఆపినప్పుడు చప్పట్లు కొట్టొద్దండి. పాట అయిపోయిందని కాదు. ఆమె నీళ్ళకోసం నిలబడి ఉంటాది.

మీ ఊర్లో ఎప్పుడన్నా ఈ పాట ఆఖరింటి దాకా పోయిందా? ఊరందరి పేరు మీద ఆడ ఏమి పాడినారో, మీ అవ్వకో జేజికో ఒక్క ముక్క గుర్తున్నా సరే... కింద రాయండి.