రెండు టిక్కులు వెనక్కి

మా ఇంట్లో కుళాయిలన్నీ కారతాయి. డబ్బా ఎత్తబోతే మూత ఒక్కటే చేతిలోకొస్తుంది. పాపమంతా మా పెదనాన్నదే. సైన్యంలో భారీ మెషీన్‌గన్ పేల్చిన మనిషి. ఆ తుపాకీకి గొట్టం మార్చినప్పుడు చివరిదాకా బిగించి, రెండు టిక్కులు వెనక్కి తిప్పాలి. మరీ బిగిస్తే తుపాకీ మొరాయిస్తుంది. మరీ వదిలేస్తే తూటా లోపలే పగిలి, పేల్చేవాడి మీదికే వస్తుంది. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో ఏది బిగించినా కాస్త వెనక్కి తిప్పి వదిలేస్తాడు.

“ఇది వంటగదండీ, యుద్ధం కాదు!” అని పెద్దమ్మ నెత్తి కొట్టుకునేది. ఆయన పలికేవాడు కాదు. కావాలనే విననట్టు నటిస్తున్నాడని అందరం అనుకునేవాళ్లం.

ఒకసారి పాత దళం నుంచి పిలుపొచ్చింది. కొత్త జవాన్లకు గొట్టం మార్చి చూపించాలట. పెదనాన్న ఉబ్బితబ్బిబ్బై, మీసానికి రంగేసుకుని, తిప్పితే టిక్కుమనే పానాతో సాధన మొదలెట్టాడు.

బట్టలు మడతపెడుతున్న పెద్దమ్మ గట్టిగా అంది. “మూడు తిప్పారు.”

“రెండే!”

“మూడండీ. మళ్లీ తిప్పండి. ఇదిగో, ఈసారి నాలుగు.”

ఆయన పానా కింద పెట్టేశాడు. ఆయనకి టిక్కులు వినపడటమే లేదు. ఆ తుపాకీ మోతే ఆయన చెవుల్ని తినేసింది. “వాళ్లకి తెలిస్తే కుర్చీలో కూచోబెట్టి, టీ ఇచ్చి పంపించేస్తారే,” అన్నాడు. ఎప్పుడూ ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి గొణిగాడు. నాకు ఏడుపొచ్చింది.

గొట్టం మార్చి చూపించే రోజు దళం షెడ్డు నిండా జవాన్లు. ముందు వరసలో పెద్దమ్మ, నేను. పెదనాన్న గొట్టం చివరిదాకా బిగించి ఆగిపోయాడు. ఉన్నట్టుండి ముందు వరసకేసి తిరిగి, “ఏమే, ఇలా రా!” అని రేకులు అదిరేలా కేకేశాడు.

పెద్దమ్మ చేతిసంచితో సహా వెళ్లి తుపాకీ మీదికి చెవి వంచింది. ఆయన తిప్పాడు. ఆమె ఒక వేలు చూపింది. ఇంకాస్త తిప్పాడు. రెండో వేలు లేచింది. ఆగాడు.

శిక్షకుడు గొట్టం వెనక సందులో కొలత రేకు దూర్చి చూశాడు. “సరిగ్గా ఉంది సార్!” అని ఆయన చెవిలో అరిచి, “ఈ అమ్మగారెవరు?” అన్నాడు.

“ఇది ఒక్కడు పేల్చే తుపాకీ కాదయ్యా. తూటాల పట్టీ అందించేవాడు పక్కన లేకపోతే పేల్చేవాడు దండగ. ఈవిడ నా పక్కమనిషి.”

పెద్దమ్మ సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకుంది.

ఇంటికొచ్చాక, “ఇకనైనా చెవి మిషన్ పెట్టించుకోండి,” అని చెవిలో అరిచింది.

“ఎందుకే? నా చెవులు నీ దగ్గరున్నాయిగా!” వీధి వీధంతా విన్నది.

పెద్దమ్మ వంటగదిలోకెళ్లి, కారుతున్న కుళాయిని బిగించకుండా, దాని కింద గిన్నె పెట్టింది.